మిగిలిన అన్నంతో జపాన్ ఫ్రైడ్ రైస్: నాది ముద్దయిపోయింది, ఎందుకు?

గంటస్తంభం_వీధి · ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, ఇంట్లో అయిదుగురం. ఎవరైనా వస్తే ఏం పెడతామని మా అత్తగారు రోజూ ఒక గ్లాసు బియ్యం ఎక్కువే పోయిస్తారు. ఎవరూ రారు. తెల్లారేసరికి ఆ అన్నం నా ముఖం చూస్తుంది, నేను దాని ముఖం చూస్తాను. ఒక రోజు పులిహోర, ఒక రోజు పోపన్నం, ఒక రోజు పెరుగన్నం. పదకొండేళ్ళ మా అబ్బాయి వీటిలో దేనికీ లొంగడం లేదు. జపాన్ కార్టూన్లు చూసి, పళ్ళెంలో గోపురంలా బోర్లించిన అన్నం కావాలని పట్టుబట్టాడు.

నిన్న చేశాను. రాత్రి కుక్కర్‌లో వండిన అన్నమే. ఫ్రిజ్‌లో పెట్టలేదు, గట్టు మీద మూత పెట్టి ఉంచాను. నాన్‌స్టిక్ పెనంలో నూనె, ఉల్లిపాయ, క్యారెట్, బీన్స్, క్యాబేజీ, వాటి మీద అయిదుగురికి సరిపడా అన్నం, మూడు పెద్ద చెంచాల సోయాసాస్. చివరికి తయారైంది నల్లటి ఉప్మా. గరిటె గుచ్చితే నిలబడింది. మా వాడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది జపాన్ కాదమ్మా, తారు రోడ్డు" అన్నాడు.

తప్పెక్కడ జరిగిందో చెప్పండి. తిట్టినా పరవాలేదు.

పలాస_పప్పు · ఆదివారం, రాత్రి 9:34

ఆ తారు కాస్త మా ఊరి వైపు పంపండి, పూడ్చాల్సిన గుంతలు చాలా ఉన్నాయి. జీడిపప్పు వేశారా? వేయలేదు కదా. తప్పు అక్కడే జరిగింది.

పాత_బియ్యం · ఆదివారం, రాత్రి 10:05

అమ్మా, వంట సంగతి తర్వాత. ముందు ఇవి చెప్పు. బియ్యం ఏ రకం? ఈ ఏటివా, పోయిన ఏటివా? ఎసరు ఎంత పెట్టావు?

గంటస్తంభం_వీధి · ఆదివారం, రాత్రి 10:12

మాస్టారూ, సంక్రాంతికి పుట్టింటివాళ్ళు పంపిన బస్తా. శ్రీకాకుళం సన్నాలు, ఈ ఏటి పంటే. గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి నాలుగు విజిల్స్ రానిచ్చాను. మామగారికి పళ్ళు లేవు, అన్నం మెత్తగా ఉండాలి.

పాత_బియ్యం · ఆదివారం, రాత్రి 10:40

ఇంకేం, నేరస్థుడు దొరికాడు. పాపం ఆ సోయాసాస్‌ను ఎందుకు తిట్టడం?

కొత్త బియ్యం అన్నం ముద్ద కడుతుంది. ఈ సంగతి మా అమ్మకు తెలుసు, ఆమె అత్తకూ తెలుసు. కోసిన ధాన్యాన్ని ఏడాది పాటు గాదెలో ఆగనిస్తే గింజ గట్టిపడుతుంది. అప్పుడు నీళ్ళు ఎక్కువ పీల్చుకుంటుంది, పొడవుగా ఉబ్బుతుంది, అంటుకోదు. అందుకే ఒకప్పుడు పెళ్ళిభోజనాలకు పాత బియ్యం ఎక్కడ దొరుకుతాయా అని ఊరూరా తిరిగేవారు. శ్రీకాకుళం సన్నాలు మన రాగోలు పరిశోధన కేంద్రం ఇచ్చిన రకం, ఆర్.జి.ఎల్. 2537. గింజ సన్నం, రుచి దివ్యం. ఆ బస్తాను ఒక ఏడాది కదపకుండా ఉంచి అప్పుడు తినమ్మా.

అంత ఓపిక లేకపోతే ఈ ఒక్క వంటకు కుక్కర్ పక్కన పెట్టు. గిన్నెలో ఎసరు ఎక్కువ పెట్టి, పలుకు మీద ఉండగానే గంజి వార్చేయి. అంటుకునే జిగురంతా గంజితో పోతుంది. ఆ గంజిలో ఉప్పు, మజ్జిగ వేసుకుని మామగారు తాగుతారు. నాకు మటుకు ఆ ఫ్రైడ్ రైస్ కంటే ఈ గంజే ముఖ్యం.

వంశధార_గట్టు · సోమవారం, ఉదయం 6:45

అక్కా, నేను నగోయా దగ్గర ఒక కర్మాగారంలో నాలుగేళ్ళు పనిచేసి వచ్చాను, ఇప్పుడు శ్రీకాకుళంలోనే ఉంటున్నాను. అక్కడ మా గది ఉన్న వీధి చివర భార్యాభర్తలు నడిపే చిన్న చైనా భోజనశాల ఉండేది. బల్ల ముందు ఎనిమిది కుర్చీలు, ఎదురుగా పొయ్యి. జీతం వచ్చిన రోజు అక్కడే తినేవాడిని, తింటూ ఆయన చెయ్యి చూస్తూ ఉండేవాడిని.

జపాన్ వాళ్ళు ఈ అన్నాన్ని చాహాన్ అంటారు. పేరూ పద్ధతీ చైనా నుంచి వెళ్ళినవే. ఒసాకా వైపు యాకిమేషి అనే మాట ఎక్కువ వినిపిస్తుంది. మేషి అంటే అన్నం, యాకి అంటే కాల్చినది, వేయించినది. పెద్ద గరిటెలో అదిమి పళ్ళెంలో బోర్లిస్తారు, పక్కన చిన్న గిన్నెతో సూపు పెడతారు. మీ అబ్బాయి చూసిన గోపురం అదే.

పెద్ద పెనం మీద వెన్న, వెల్లుల్లి వేసి, ఉల్లి చక్రాలను కొండలా పేర్చి మంట లేపే వీడియోలు కూడా మీకు కనిపించి ఉంటాయి. ఆ ఆర్భాటం అమెరికాలో పెరిగింది. న్యూయార్క్‌లో 1964లో మొదలైన బెనిహానా వంటి హోటళ్ళు దాన్ని ఊరూరా పరిచయం చేశాయి. రుచి బాగానే ఉంటుంది కానీ ఇంట్లో మిగిలిన అన్నానికి అంత సంబరం అక్కర్లేదు.

ఇక అసలు విషయం. చాహాన్ నల్లగా ఉండదు. గుడ్డు వల్ల లేత పసుపు రంగులో ఉంటుంది. రుచిలో ఎక్కువ వంతు ఉప్పుది, మిరియాలది. సోయాసాస్ వాసన కోసమే, ఇద్దరికి చేస్తే రెండు చిన్న చెంచాలు దాటదు. ఆ రెండు చెంచాలూ అన్నం మీద పోయరు. అన్నాన్ని ఒక పక్కకు నెట్టి, కాలుతున్న మూకుడు అంచు వెంట జారవిడుస్తారు. చుయ్యిమని పొంగి, అంచు దగ్గర కొంచెం మాడినట్టు వాసన లేచిన క్షణంలో అన్నంతో కలిపేస్తారు. ఇంగువ కాగిన నూనెలో పడితే ఒక వాసన, పులుసులో పడితే ఇంకొక వాసన కదా, అంత తేడా ఉంటుంది.

వాళ్ళకు రెండు మాటలున్నాయి: పరపర, బెచబెచ. మొదటిది మన పొడిపొడి, గింజకు గింజ విడిగా రాలడం. రెండోది మీ తారు రోడ్డు. ఎనిమిది కుర్చీల భోజనశాలలో కూర్చున్న ప్రతివాడూ ఆ వంటవాడిని తూచేది ఈ ఒక్క తూకంతోనే.

ఇద్దరికి కొలత చెబుతాను. విడదీసిన చల్లని అన్నం రెండు కప్పులు, గుడ్లు రెండు, ఉల్లికాడలు నాలుగు, వెల్లుల్లి ఒక రెబ్బ, నూనె ఒక పెద్ద చెంచా, ఉప్పు పావు చెంచా, మిరియాల పొడి, సోయాసాస్. అన్నం గడ్డలను పొయ్యి వెలిగించక ముందే తడి చేత్తో చిదమాలి, మూకుడులో చిదుముతూ కూర్చుంటే గింజ నలిగిపోతుంది. ఇనుప మూకుడు పొగ వచ్చేదాకా కాగనిచ్చి, నూనె వేసి అంతా తిప్పండి. గిలకొట్టిన గుడ్డు పోసి అయిదు లెక్కపెట్టండి. అంచులు ఉబ్బి, మధ్యలో ఇంకా పచ్చిగా ఉండగానే అన్నం పడాలి. ఆ పచ్చి గుడ్డే గింజలకు పూతలా పట్టుకుని ఒకదాన్నొకటి అంటుకోకుండా చేస్తుంది. గరిటె వీపుతో అదమండి, అడుగు నుంచి తిరగేయండి, మళ్ళీ అదమండి. రెండు నిమిషాలకు గింజలు ఎగరడం మొదలవుతుంది. అప్పుడు వెల్లుల్లి, ఉప్పు, మిరియాలు, ఉల్లికాడలు, చివర అంచు మీద సోయాసాస్. దించేయండి.

క్యాబేజీ, బీన్స్ ఎవరు వేయమన్నారక్కా? వాటి నీళ్ళన్నీ అన్నం తాగింది.

బండి_మూకుడు · సోమవారం, మధ్యాహ్నం 3:10

శ్రీకాకుళంలో పన్నెండేళ్ళుగా ఫాస్ట్ ఫుడ్ బండి నడుపుతున్నాను. తమ్ముడు చెప్పినదంతా నిజమే కానీ ఒక మాట మరిచిపోయాడు. అయిదుగురికి ఒకేసారి వేయించడం ఇంటి పొయ్యి వల్ల కాదు. మా బండి మంట వేరు, చప్పుడుకే కుక్కలు దూరంగా పడుకుంటాయి. అలాంటి మంట మీద కూడా నేను ఒక విడతకు రెండు ప్లేట్లకు మించి వేయను. చల్లని అన్నం కుప్పగా పడితే మూకుడు చల్లారుతుంది, అన్నం వేగకుండా ఉడుకుతుంది. ఇంట్లో ఇద్దరిద్దరికి చేసుకోండమ్మా.

నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా అంత మంట మీద పెట్టకండి, పూత పాడవుతుంది. అటక మీద అమ్మమ్మ నాటి ఇనుప మూకుడు ఉంటే దించండి. తుప్పు తోమి, నూనె రాసి, పొగ వచ్చేదాకా కాల్చి, తుడిచి, మళ్ళీ రాసి, ఇలా మూడు సార్లు చేస్తే చాలు. తర్వాత దాన్ని సబ్బుతో రుద్దే మనిషిని వంటింట్లోకి రానివ్వకండి.

ఆవపెట్టిన_పనస · సోమవారం, సాయంత్రం 5:25

మా ఇంట్లో గుడ్డు రాదు. గుడ్డు లేకపోతే ఆ పూత సంగతేమిటి? అజినొమోటో తప్పదా?

వంశధార_గట్టు · సోమవారం, రాత్రి 8:02

గుడ్డు లేకుండానూ అవుతుందండీ. అన్నాన్ని ముందే ఒక చెంచా నూనెతో చేత్తో కలిపి పెట్టుకోండి, పులిహోరకు కలిపినట్టే. పుట్టగొడుగులు సన్నగా తరిగి, తడి పూర్తిగా ఇగిరి ఎర్రబడేదాకా విడిగా వేయించి, చివర్లో కలపండి. మాంసానికి ఉండే కమ్మదనం కొంత వాటిలో ఉంది.

అజినొమోటో అనేది ఒక కంపెనీ పేరు, మనం దినుసుకే ఆ పేరు పెట్టేశాం. 1908లో కికునే ఇకెదా అనే రసాయన ఆచార్యుడు కొంబు అనే సముద్రపు నాచు కాచిన నీటిలో ఆ రుచి ఎక్కడిదా అని వెతికి గ్లుటమేట్‌ను పట్టుకున్నారు. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే గ్లుటమేట్ పొడి రూపంలో అమ్మకానికి వచ్చింది. బాగా పండిన టమాటాలోనూ, పుట్టగొడుగుల్లోనూ, సోయాసాస్‌లోనూ గ్లుటమేట్ ఉంది కాబట్టి విడిగా వేయకపోయినా నష్టం లేదు.

సోయాసాస్ కొనేటప్పుడు సీసా వెనక చదవండి. నీళ్ళు, సోయా గింజలు, గోధుమలు, ఉప్పు, ఈ నాలుగే ప్రధానంగా కనిపిస్తే పులియబెట్టినదని అర్థం. రంగులు, ఆమ్లాలు వరసగా ఉంటే అది వేరే సరుకు.

కళింగపట్నం_కెరటం · సోమవారం, రాత్రి 9:15

ఉమామి అన్నారు కాబట్టి చెబుతున్నాను. మా ఇల్లు సముద్రానికి దగ్గర, ఎండు నెత్తళ్ళు డబ్బాలో ఎప్పుడూ ఉంటాయి. జపాన్ వాళ్ళు కూడా ఇలాంటి చిన్న చేపలను ఉడికించి ఎండబెట్టి, నిబోషి అని పేరు పెట్టి, చారునీళ్ళు కాస్తారని చదివాను. తల తీసి, పొట్ట గీరేస్తారట, చేదు రాకుండా. మా నాన్నమ్మ కూడా సరిగ్గా అదే చేస్తుంది, ఆమె జపాన్ పేరు విన్నదో లేదో తెలియదు.

పది నెత్తళ్ళకు తలా పొట్టా తీసి, ఇసుక పోయేలా కడిగి ఎండబెట్టి, సన్నసెగ మీద నూనె లేకుండా కరకరలాడేలా వేయించి పొడి కొట్టాను. ఫ్రైడ్ రైస్‌లో ఉప్పుతో పాటు అర చెంచా వేశాను. చేప వాసన రాలేదు, కానీ పళ్ళెం నాకాలనిపించింది. ఉప్పు చేపలైతే విడిగా ఉప్పు తగ్గించుకోండి.

తెల్లకోటు · సోమవారం, రాత్రి 10:30

విజయనగరంలో సూక్ష్మజీవశాస్త్రం పాఠాలు చెబుతాను. వంట నాకు అంతంత మాత్రమే, కానీ మొదటి టపాలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: ఫ్రిజ్‌లో పెట్టలేదు, గట్టు మీద మూత పెట్టి ఉంచాను.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చటి అన్నంలో మొలకెత్తి పెరుగుతాయి, కొన్ని రకాలు విషాన్ని విడుస్తాయి. మళ్ళీ వేయిస్తే బాక్టీరియా చస్తుంది గానీ ఆ విషం వేడికి విరగదు. బాగా వేయించాం కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. పేరే ఫ్రైడ్ రైస్ జబ్బు అని వాడుకలో ఉంది.

చేయాల్సింది పెద్ద పని కాదు. రాత్రి భోజనాలు కాగానే మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి, ఫ్యాన్ గాలికి ఆరనిచ్చి, గంటలోపు మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లోకి పంపండి. మర్నాడు వాడేయండి, మూడో రోజుకు ఉంచవద్దు. ఒకసారి వేయించినదాన్ని మళ్ళీ దాచవద్దు. కరెంటు నాలుగు గంటలకు మించి పోతే ఆ అన్నం మీద ఆశ వదులుకోండి.

అన్నట్టు, పెద్ద చెంచాడు సోయాసాస్‌లో 2 గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజంతటికీ 5 గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

పాత_బియ్యం · మంగళవారం, ఉదయం 5:50

అయ్యా, నాకు డెబ్భై రెండేళ్ళు. ఫ్రిజ్ మా ఇంటికి నలభయ్యో ఏట వచ్చింది. అంతవరకూ చద్దన్నం తినే పొలానికి వెళ్ళాను. మీ బాక్టీరియా నా దగ్గరకు రావడానికి భయపడిందా?

తెల్లకోటు · మంగళవారం, ఉదయం 7:20

మాస్టారూ, మీ చద్దన్నం వేరు, కుక్కర్‌లో మూత కింద మగ్గిన అన్నం వేరు. మీ ఇంట్లో అన్నంలో నీళ్ళు పోసి ఉంచేవారు కదా. దానివల్ల అన్నం త్వరగా చల్లబడింది, తెల్లారేసరికి పులిసింది. ఆ పులుపు లాక్టిక్ ఆమ్లానిది, చాలా బాక్టీరియాకు అది గిట్టదు. ప్రమాదం అసలే లేదని నేను అనను, కానీ పొడి అన్నానికి ఆ మాత్రం కాపలా కూడా లేదు. పైగా పులిసిన తడి అన్నాన్ని వేయించగలరా?

పాత_బియ్యం · మంగళవారం, ఉదయం 7:41

వేయించడమెందుకు, ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటాం. సరే, పొడి అన్నం వరకు ఒప్పుకున్నాను. పులిహోరకు తాంబాళంలో ఆరబోస్తాం కదా, అలాగే అనుకుంటాను.

వంశధార_గట్టు · మంగళవారం, ఉదయం 8:15

చద్దన్నం మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి వెళతాను. జపాన్ వాళ్ళు మిగిలిన అన్నంలో వేడి టీ పోసుకుని, ఊరగాయ నంజుకుని తింటారు. ఒచాజుకె అంటారు. పాలు లేని ఆకుపచ్చ టీ, కంగారు పడకండి. చల్లారిన అన్నాన్ని హియామేషి అంటారు. ఒక మనిషిని పనిచేసే చోట చిన్నచూపు చూసి మూలకు నెడితే, వాడు హియామేషి తింటున్నాడని నుడికారం. కర్మాగారంలో మా మేస్త్రీ ఈ మాట అంటే అర్థం కాక, నాకు చల్లన్నం ఇష్టమేనని జవాబు చెప్పాను. వారం రోజులు నవ్వారు.

పాత బియ్యం మాస్టారి మాటకు ఇంకొంచెం కలుపుతాను. వాళ్ళ బియ్యం గింజ పొట్టి, అన్నం జిగురు. 1956 నాటి కోషిహికారి అనే రకం ఇప్పటికీ వాళ్ళకు ముద్దుబిడ్డ. పిండిపదార్థంలో అమైలోజ్ అనే భాగం తక్కువైతే అన్నం అంటుకుంటుంది. వాళ్ళ బియ్యంలో అది తక్కువ, మన సన్నబియ్యంలో అంతకంటే ఎక్కువ. ఫ్రిజ్ చలికి పిండిపదార్థం మళ్ళీ బిగుసుకుని గింజ గట్టిపడుతుంది. వాళ్ళది జిగురు బియ్యం కాబట్టి పొడిపొడిగా రావడానికి వాళ్ళు మనకంటే ఎక్కువ కష్టపడాలి. మెత్తగా ఉడికించిన కుక్కర్ అన్నంతో మనమే ఆ కష్టాన్ని కొని తెచ్చుకుంటున్నాం.

పలాస_పప్పు · మంగళవారం, ఉదయం 9:00

ఇంత చదివాక కూడా జీడిపప్పు మాట ఎవరూ ఎత్తలేదు. గమనించాను.

గంటస్తంభం_వీధి · బుధవారం, రాత్రి 8:50

మొదటి ప్రయత్నం. నిన్న రాత్రి గంజి వార్చి వండాను, తాంబాళంలో ఆరబోసి ఫ్రిజ్‌లో పెట్టాను. అత్తగారు తాంబాళం చూసి, "పులిహోరా? ఈ రోజు ఏం పండగ?" అన్నారు.

ఇనుప మూకుడు దొరికింది. అటక మీద పాత దేవుడి పటాల వెనక. మూడు సార్లు కాల్చేసరికి ఇల్లంతా పొగ, పక్కింటివాళ్ళు తలుపు తట్టారు. వేయించడంలో సగం నెగ్గాను. గింజలు విడివిడిగానే వచ్చాయి కానీ గుడ్డు కోసం అయిదుకు బదులు ఇరవై లెక్కపెట్టాను, భయమేసి. అట్టయిపోయింది. అన్నం ఒక దారి, అట్టు ముక్కలు ఒక దారి. అబ్బాయి తీర్పు: మట్టి రోడ్డు. ముందుకంటే మెరుగే అనుకున్నాను.

బండి_మూకుడు · బుధవారం, రాత్రి 11:55

ఇప్పుడే బండి కట్టేశాను. అన్నం గిన్నె ఎడమ చేతిలో పట్టుకునే గుడ్డు పోయమ్మా. గుడ్డు పోశాక గిన్నె కోసం వెతుక్కుంటే ఇరవై కాక ఏమవుతుంది?

గంటస్తంభం_వీధి · ఆదివారం, మధ్యాహ్నం 2:15

వచ్చింది!

గిన్నె ఎడమ చేతిలోనే పట్టుకున్నాను. గుడ్డు అంచులు బుసబుస ఉబ్బాయి, మధ్యలో పచ్చ సొన ఇంకా వణుకుతోంది, అన్నం గుమ్మరించాను. గరిటె వీపుతో అదిమిన ప్రతిసారీ గడ్డ కింద నుంచి చిటపటమని చప్పుడు. రెండో నిమిషంలో ఒక గింజ ఎగిరి నా గాజు మీద పడింది, పసుపు రంగులో, విడిగా. నెత్తళ్ళ పొడి అర చెంచా. కెరటం గారూ, మీ నాన్నమ్మకు దండాలు. మూకుడు అంచు మీద సోయాసాస్ పొంగిన వాసనకు మా వాడు వీధిలో ఆట మానేసి వచ్చాడు. చారు గరిటెలో అదిమి పళ్ళెంలో బోర్లించాను. గోపురం నిలబడింది, చెంచా తగలగానే గలగలా కూలింది. వాడు ఏ రోడ్డు పేరూ చెప్పలేదు, ఇంకొక గోపురం అడిగాడు.

పైన నాలుగు జీడిపప్పులు కూడా పెట్టాను. పలాస పప్పు గారు గమనించగలరు.

అత్తగారు నా పళ్ళెంలోంచి ఒక చెంచా తీసుకుని చాలాసేపు నమిలారు. "ఉప్పు సరిపోయింది" అని, లేచి వెళ్ళి ఆవకాయ జాడీ తెచ్చుకున్నారు.

వంశధార_గట్టు · ఆదివారం, మధ్యాహ్నం 2:40

వాళ్ళు కూడా పక్కన ఎర్రటి అల్లం ఊరగాయ పెట్టుకుంటారక్కా. పెద్దావిడ పద్ధతి తప్పలేదు.

గంటస్తంభం_వీధి · ఆదివారం, రాత్రి 7:30

ఇప్పుడే వంటింట్లోకి వెళ్ళి చూశాను. రేపటికి మనవడికి మిగలాలని అత్తగారు రెండు గ్లాసులు ఎక్కువ పోశారు.